నేను దిద్దిన సాక్ష్యం

కెనడాలో సార్నియా అనే ఊళ్ళో మా తెలుగు సంఘానికి నెలకొకసారి చిన్న పత్రిక వచ్చేది. ఎనిమిది పేజీలు. ముందు పాస్టరు గారి సందేశం, తరువాత పుట్టినరోజులు, ప్రార్థన మనవులు, చివరి రెండు పేజీల్లో ఎవరో ఒకరి సాక్ష్యం. ఆ సాక్ష్యాలు దిద్దే పని నాది. పెళ్ళికి ముందు నరసాపురంలో మిషను స్కూల్లో తెలుగు చెప్పాను కాబట్టి ఆ పని నాకు వచ్చింది. పదకొండేళ్ళు చేశాను. ఇష్టంగానే చేశాను.

మొదట్లో మేం తొమ్మిది కుటుంబాలం. మా ఆయనలాగా రసాయన ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళు, నాలాగా కేర్ హోముల్లో ముసలివాళ్ళకు స్నానాలు చేయించి అన్నం తినిపించేవాళ్ళు, ఇద్దరు నర్సులు. ఆదివారం తెల్లవాళ్ళ ఆరాధన అయిపోయాక వాళ్ళ చర్చి కింది హాలులో మధ్యాహ్నం మేం కూడుకునేవాళ్ళం. ఆ తరువాత ఊళ్ళో కాలేజీకి మన పిల్లలు రావడం మొదలైంది. ఒక సెప్టెంబరులో కొద్దిమంది, జనవరిలో ఇంకొందరు, ఆ పై సెప్టెంబరుకు హాలులో కుర్చీలు చాలక గోడవారన నిలబడేవారు. అందరూ భక్తితో వచ్చారని చెప్పలేను. కొందరు క్రైస్తవులే కాదు. ఆదివారం పప్పన్నం, కోడికూర దొరుకుతాయని, నాలుగు తెలుగు మాటలు వినబడతాయని, ఎవరిదో ఒకరి కారులో సరుకులకు వెళ్ళవచ్చని వచ్చేవారు. మా ఊళ్ళో బస్సులు తక్కువ. కారు లేని పిల్లవాడికి జనవరిలో పాలు కొనుక్కురావడమే ఒక ప్రయాణం.

అలా వచ్చినవాళ్ళలో ఒకడు కోనసీమ కుర్రవాడు. అమలాపురం దగ్గర ఏదో ఊరు. తండ్రి అక్కడ సంఘ పెద్ద. ఇరవై మూడేళ్ళుంటాయి. కీబోర్డు చక్కగా వాయించేవాడు. పాత కీర్తన ఎవరు ఏ శ్రుతిలో ఎత్తుకున్నా రెండో చరణానికల్లా అందుకునేవాడు. భోజనాల దగ్గర మాత్రం అందరికంటే వెనక నిలబడేవాడు. "ఆంటీ, అడుగంటింది ఏమన్నా ఉంటే నాకు పెట్టండి, అదే నాకిష్టం" అనేవాడు. నిజంగా ఇష్టమో, మిగిలింది తింటే ఎవరికీ బరువు కాననుకునేవాడో నేను ఎప్పుడూ ఆలోచించలేదు.

ఒక నవంబరులో పాస్టరు గారు క్రిస్మస్ సంచికకు విద్యార్థి సాక్ష్యం ఉంటే బాగుంటుందని, ఆ అబ్బాయినే రాయమన్నారు. వారం రోజుల్లో వాడు ఫోనులో టైపు చేసి నాకు ఈమెయిల్ పంపాడు. పైన "ఆంటీ, తప్పులుంటే దిద్దండి" అని ఉంది. అక్షరదోషాలు వదిలేస్తే కింద ఇలా ఉంది:

"నాకు ఇక్కడికి వచ్చాక నిద్ర పట్టడం లేదు. క్లాసులో కూర్చుంటాను గానీ ఏమీ ఎక్కదు. గోడౌన్లో పని పోయాక మూడు వారాలు గదిలోంచి బయటికి రాలేదు. మొన్న బస్ స్టాపులో కూర్చుని రెండు బస్సులు వదిలేశాను, ఎక్కి ఎక్కడికి వెళ్ళాలో తెలియలేదు. ప్రార్థన చేస్తాను. ఎవరూ వింటున్నట్టు ఉండదు. కీబోర్డు వాయించేటప్పుడు మాత్రం కొంచెం బాగుంటుంది. మీలో ఎవరైనా ఇలా ఉన్నారా? ఉంటే నాతో మాట్లాడండి. ఇది సాక్ష్యమో కాదో నాకు తెలియదు."

రెండుసార్లు చదివాను. ఆ తరువాత పాస్టరు గారికి ఫోన్ చేసి చదివి వినిపించాను.

"ఇది సాక్ష్యం ఎట్లా అవుతుంది సిస్టర్?" అన్నారాయన. "సాక్ష్యమంటే దేవుడు చేసిన మేలు చెప్పేది. మధ్యలో కొంచెం శ్రమ ఉంటే ఉండనివ్వండి, చివర్లో విజయం ఉండాలి. కొత్తగా వచ్చిన పిల్లలు చదువుతారు. ఊళ్ళో వాళ్ళ అమ్మానాన్నలు చదువుతారు. మీరే కొంచెం సర్దండి."

"ఆ అబ్బాయితో ఒకసారి మాట్లాడతారా?"

"మాట్లాడతాను. ఉపవాస ప్రార్థనలో పెడదాం."

సర్దాను. 'నిద్ర పట్టడం లేదు' అన్నదాన్ని 'నిద్రలేని రాత్రులలో ప్రభువు సన్నిధిని అనుభవించితిని' అని మార్చాను. 'ఎవరూ వింటున్నట్టు ఉండదు' కొట్టేసి 'ఆయన నా మొర ఆలకించెను' అని రాశాను. బస్ స్టాపు తీసేశాను. మీలో ఎవరైనా ఇలా ఉన్నారా అన్న ప్రశ్న, నాతో మాట్లాడండి అన్న మాట, ఆ చివరి వాక్యం, మూడూ తీసేశాను. గంటలో పని అయిపోయింది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ, అయ్యాక ఒకసారి పైకి చదువుకుని, భాష బాగా కుదిరిందని సంతోషించాను.

పత్రిక పంచిన ఆదివారం వాడు టీ డ్రమ్ము పక్కన నిలబడి రెండు పేజీలూ చదివాడు. నేను కప్పులు సర్దుతున్నాను.

"బాగుంది ఆంటీ," అన్నాడు. "నాది కాదు గానీ, బాగుంది."

నవ్వాడు. నేనూ నవ్వాను. "మీ అమ్మగారికి పంపించు, సంతోషిస్తారు" అన్నాను. పంపిస్తానన్నాడు.

ఫిబ్రవరిలో ఒకరోజు పొద్దున డ్యూటీకి బయలుదేరి కారు అద్దం మీది మంచు గీకుతుంటే పాస్టరు గారు ఫోన్ చేశారు. ఆ అబ్బాయి చనిపోయాడన్నారు. తన గదిలోనే. ఇంటి ఓనర్లు పోలీసులను పిలిచారట. నేను ఏమీ అనకముందే, "గుండె ఆగిపోయిందని చెప్తున్నాం సిస్టర్" అన్నారు.

"చెప్తున్నాం అంటే?"

ఆయన గొంతు తగ్గించారు. "వాళ్ళ ఊళ్ళో సంగతి మీకు తెలియంది కాదు. ప్రాణం తనే తీసుకున్నాడంటే సమాధుల తోటలో చోటివ్వరు. తండ్రి సంఘ పెద్ద. ఆయన తల ఎక్కడ పెట్టుకుంటాడు? తల్లి తట్టుకుంటుందా?" అన్నారు.

నాకు తెలుసు. మా నరసాపురంలోనే, నా చిన్నప్పుడు, అలా పోయిన ఒక ఆడమనిషిని తోట గోడ అవతల పెట్టారు. గోడకు ఇవతల ఆమె అత్తమామలు, గోడకు అవతల ఆమె. స్కూలుకు వెళ్తూ రోజూ చూసేవాళ్ళం. ఎందుకని మేమెవరమూ అడగలేదు. కాబట్టి పాస్టరు గారు చెప్పింది నాకు అబద్ధంలా అనిపించలేదు, దయలా అనిపించింది. జ్ఞాపకార్థ కూడిక కార్డు నేనే టైపు చేశాను. 'ఆకస్మికముగా ప్రభువునందు నిద్రించెను.'

శవాన్ని టొరంటో నుంచి విమానంలో పంపించారు. కూడిక మాత్రం ఇక్కడ శనివారం పొద్దున పెట్టాం, అక్కడివాళ్ళకు సాయంత్రమవుతుందని. వాళ్ళ ఊరి మందిరంలో తెర కట్టి అందరూ కూర్చుని చూస్తున్నారు. లైవ్ ఇచ్చే లాప్‌టాప్ దగ్గర నేను కూర్చున్నాను. అదీ నా పనే.

రెండు కీర్తనలు, వాక్యం అయ్యాయి. ఎవరైనా రెండు మాటలు చెప్పాలనుకుంటే చెప్పవచ్చన్నారు. వాడి క్లాసులోనే చదివే ఖమ్మం అమ్మాయి లేచింది. వాడిని అన్నా అని పిలిచేది. ఒకే వీధిలో వేర్వేరు ఇళ్ళ కింది బేస్‌మెంట్ గదుల్లో ఉండేవారు. మైకు తీసుకుని, ఏ వందనాలూ చెప్పకుండా మొదలుపెట్టింది.

"అన్నకి గుండెజబ్బేం లేదు. అన్నకి నిద్ర లేకుండె. మూడుసార్లు పాస్టర్ గారికి చెప్పిండు. నేను పక్కనే ఉన్న. కాలేజీల కౌన్సెలర్ దగ్గరికి పోతా అంటే, ఫైల్‌ల రాస్తరు, రేపు ఈడ ఉండనీకి ఇచ్చే పీఆర్‌కి ప్రాబ్లమ్ అయితది, ముందు ఉపవాసం ఉండు అన్నరు. అన్న ఉపవాసం ఉన్నడు. అసలే తింటలేడు..."

పాస్టరు గారు ఆమె వైపు చూడలేదు. నా వైపు చూశారు. చెయ్యి ఎత్తలేదు, సైగ చేయలేదు. ఊరికే చూశారు. నేను మ్యూట్ నొక్కాను. ఆ తరువాత కెమెరా తీసేసి, తెల్లపూల బొమ్మ మీద కీర్తన పల్లవి ఉన్న స్లయిడు పెట్టాను. ఆ అమ్మాయి ఇంకో రెండు నిమిషాలు మాట్లాడింది. హాలులో ఉన్నవాళ్ళం విన్నాం. అక్కడ ఊళ్ళో వాళ్ళు పూలు చూస్తూ కూర్చున్నారు. చివరికి ఒక అంకుల్ వెళ్ళి ఆమె భుజం మీద చెయ్యి వేసి, మైకు మెల్లగా తీసుకుని కూర్చోబెట్టాడు.

అంతా అయ్యాక కోట్లు తగిలించిన చోట ఆ అమ్మాయి నా ఎదురుగా నిలబడింది.

"ఆంటీ, ఆపింది మీరేనా?"

"వాళ్ళమ్మ చూస్తోందమ్మా."

"అందుకే కదా ఆంటీ నేను మాట్లాడింది" అని, జిప్పు పెట్టుకుని వెళ్ళిపోయింది.

తిరిగి వస్తుంటే కారులో మా అమ్మాయి, పదహారేళ్ళది, "మామ్, యూ మ్యూటెడ్ హర్?" అంది. నీకు అర్థం కాదులే అన్నాను. అది కిటికీ వైపు తిరిగింది. మా ఆయన స్పీడు చూసుకుంటూ నడిపాడు.

ఖమ్మం అమ్మాయి పేరు సంఘం వాట్సాప్ గ్రూపులోంచి తీసేశారు. నెల తిరక్కుండా టొరంటో వైపు ఎటోబికోకు వెళ్ళిపోయిందని, ఎయిర్‌పోర్టు దగ్గర గోడౌన్లో పని దొరికిందని తెలిసింది. తరువాతి పత్రికలో ప్రార్థన మనవుల కింద 'ఒక సహోదరి మనస్సు నెమ్మది కొరకు' అని వచ్చింది. అదీ నేనే టైపు చేశాను.

మా కేర్ హోములో నది వైపు గదిలో ఒక పెద్దావిడ ఉండేది. ఐర్లండులో పుట్టి పెరిగి, ఇరవై ఏళ్ళ వయసులో కెనడాకు వచ్చిన మనిషి. ఎనభై దాటాయి. వేళ్ళు వంకరపోయాయి గానీ మాట స్పష్టంగా ఉండేది. ఏప్రిల్లో ఆమె కొడుకు పడమటి తీరంలోని బర్నబీ నుంచి ఒక డాక్యుమెంటరీ ట్యాబ్లెట్‌లో పెట్టి పంపాడు. వాళ్ళ దేశంలో ఒకప్పుడు చర్చి ఎంత పెత్తనం చేసింది, ఏం చదవాలో ఏం చూడాలో ఎలా కట్టడి చేసింది అన్నది దాని విషయం. వంకర వేళ్ళతో ఆమెకు తెర తాకడం కుదిరేది కాదు. మాటిమాటికీ ఆగిపోతోందని, డ్యూటీ అయ్యాక కాసేపు కూర్చోమని అడిగింది. రెండు మధ్యాహ్నాలు కూర్చున్నాను.

మొదట నాకేమీ పట్టలేదు. నలుపు తెలుపు దృశ్యాలు. బిషప్పు ఉంగరం ముద్దుపెట్టుకోవడానికి మోకాళ్ళ మీద వంగుతున్న పెద్ద పెద్ద అధికారులు. నిషేధించిన పుస్తకాల జాబితాలు. ముద్దు ఉన్నచోట కత్తిరించిన సినిమా రీళ్ళు. ఓడ దిగినవాళ్ళ పెట్టెల్లో పుస్తకాలు వెతుకుతున్న ఉద్యోగులు. ఇవన్నీ కేథలిక్కుల సంగతులు, ప్రొటెస్టెంట్లం, మనవి కావు అనుకుంటూ కూర్చున్నాను. మాకు చిన్నప్పటి నుంచి అలాగే చెప్పారు.

రెండో రోజు ఆ ఊళ్ళ మామూలు మనుషుల గురించి వచ్చింది. పై నుంచి ఎవరూ ఆజ్ఞాపించక ముందే పుస్తకాన్ని బీరువాలో దాచేసిన లైబ్రరీవాళ్ళు, పక్కింటివాళ్ళు ఏం చదువుతున్నారో ఫాదరుకు ఉత్తరం రాసిన ఆడవాళ్ళు. తరువాత, పెళ్ళి కాకుండా గర్భవతులైన అమ్మాయిలను చర్చివాళ్ళు దాచిపెట్టిన ఇళ్ళు. ఒక పెద్ద గోడ, దాని మీద వాన. అక్కడ పెద్దావిడ ఆపమంది. ఆపాను.

"నేను అక్కడ లేను" అంది ఇంగ్లీషులో, నెమ్మదిగా. "నేను మా ఊరి వారపత్రిక ఆఫీసులో ఉండేదాన్ని. పంతొమ్మిదేళ్ళు నాకు. చావు ప్రకటనలు టైపు చేసేదాన్ని."

స్కూల్లో తనకంటే ఒక ఏడాది పైన చదివిన అమ్మాయి గురించి చెప్పింది. ఆ అమ్మాయిని అలాంటి ఇంటికి పంపారట. ఏడాది తరువాత బిడ్డ లేకుండా తిరిగి వచ్చిందట. కొన్నాళ్ళకు నదిలో దొరికిందట. మర్నాడు ఫాదరే స్వయంగా ఆఫీసుకు వచ్చి, కాగితం బల్ల మీద పెట్టాడు. 'ఆకస్మికంగా, స్వగృహమునందు' అని రాసి ఉంది.

"ఊరందరికీ తెలుసు. నాకూ తెలుసు. తప్పు లేకుండా, చక్కగా టైపు చేశాను."

"చేయకపోతే ఉద్యోగం పోయేదేమో" అన్నాను.

"ఏమో. ఎవరూ బెదిరించలేదు. నేను అడగనైనా అడగలేదు." కిటికీలోంచి నది వైపు చూసి, "ఆమె తల్లికి చెప్పాలనుకున్నాను, నీ కూతురికి ఏం జరిగిందో మాకు తెలుసు, నువ్వు ఒక్కదానివే మోయక్కర్లేదు అని. చెబుదాం చెబుదామనుకుంటూ ఇక్కడికి వచ్చేశాను. తరువాత తల్లి పోయిందని ఉత్తరం వచ్చింది" అంది.

అప్పుడు నాకు ఏడుపు వచ్చింది. ఎందుకని అడిగింది. ఆ గదిలో కూర్చుని మొత్తం చెప్పాను, ఈమెయిల్, పత్రిక, కార్డు, మ్యూట్. ఆమె నన్ను ఓదార్చలేదు. తప్పు కాదనలేదు.

"తల్లి బతికే ఉందా?" అని మాత్రం అడిగింది.

"ఉంది."

"అయితే నాకంటే నువ్వు నయం" అని, మళ్ళీ ట్యాబ్లెట్ వైపు తిరిగింది. "ఇక నడిపించు. మిగతాది చూద్దాం."

ముందు పాస్టరు గారి దగ్గరికి వెళ్ళాను. వాడు రాసింది వాడు రాసినట్టే పత్రికలో వేద్దామన్నాను. ఆయన కోప్పడతారనుకున్నాను. కోప్పడలేదు. కుర్చీలో వెనక్కి వాలి, "నాకు మాత్రం నిద్ర పడుతోందనుకున్నారా సిస్టర్? వాడు చెప్పినప్పుడు నాకు అర్థం కాలేదు. ఇంటి మీద బెంగ అనుకున్నాను. ఉపవాసం ఉంటే మనసు కుదుటపడుతుందనుకున్నాను" అన్నారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "కానీ ఇప్పుడు బయటపెట్టి ఏం సాధిస్తాం? ఆ తోటలో వాడు పడుకుని ఉన్నాడు. అది చాలదా?"

"ఆ హాలులో ఇంకా పిల్లలు ఉన్నారు గదండీ."

"వాళ్ళ కోసం ప్రార్థన చేద్దాం" అన్నారు.

ఇంటికి వచ్చి మా ఆయనకు చెప్పాను. "వదిలెయ్. అయిపోయిందేదో అయిపోయింది. ఈ ఊళ్ళో మనకున్నది ఈ నలుగురే" అన్నాడు. అది నిజం. అమ్మాయి పుట్టినప్పుడు, మా అత్తగారు పోయినప్పుడు, ఆయనకు ఫ్యాక్టరీలో చెయ్యి కాలినప్పుడు ఆదుకున్నది ఆ సంఘమే.

రెండు వారాలు వదిలేశాను. ఆ తరువాత ఖమ్మం అమ్మాయికి ఫోన్ చేసి, ఆ తల్లి నంబరు అడిగాను. వాడు రాసింది ఆవిడకు చదివి వినిపించాలన్నాను. చివరికి నంబరు చెప్పి, "ఆంటీ, మీరేం కలపకుండా చదువుండ్రి" అంది.

సెలవు రోజు పొద్దున ఫోన్ చేశాను. అక్కడ సాయంత్రం. సార్నియా నుంచి అనగానే ఆవిడ, "ఆయ్, చెప్పండమ్మా, బాగున్నారా? మా వాడికి మీరే అన్నం పెట్టేవారంట గదా" అంది. మీ అబ్బాయి క్రిస్మస్‌కు రాసింది ఒకటి నా దగ్గర ఉంది, వినిపించనా అన్నాను. వినిపించమంది. చదివాను. నిద్ర పట్టడం లేదు దగ్గర నుంచి, సాక్ష్యమో కాదో నాకు తెలియదు వరకు.

"ఇది పత్రికలో వచ్చింది కాదు గదమ్మా" అంది.

"కాదండి."

"మరి ఆ పత్రికలోది ఎవరు రాశారు?"

"నేనండి."

వెనక ఎక్కడో ఎవరో గిన్నెలు తోముతున్నారు.

"అది నేను క్రిస్మస్ నాడు మా మందిరంలో నిలబడి చదివానమ్మా," అంది. "నా కొడుకు రాశాడని. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ మర్నాడు వాడు ఫోన్ చేసి, ఎలా ఉందమ్మా అంటే, దేవుడు నిన్ను బాగా చూసుకుంటున్నాడు నాన్నా, నాకింక బెంగలేదు అన్నాను."

నేను క్షమించమన్నాను. ఆవిడ విన్నదో లేదో తెలియదు. "ఇంకోసారి చదవండి" అంది.

మళ్ళీ చదివాను. 'ఉంటే నాతో మాట్లాడండి' అన్న చోట ఆపింది.

"ఎవరన్నా మాట్లాడారా?"

"లేదండి. ఆ మాట ఎవరికీ తెలియదు. నేను తీసేశాను."

ఫోన్ పెట్టేసింది. తిరిగి చేయాలని చూస్తే ఎత్తలేదు. నాలుగు రోజుల తరువాత ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. 'వాడు రాసింది వాడు రాసినట్టే పంపండి. తప్పులు దిద్దకండి.' అంతే ఉంది. పంపాను. 'గోడౌన్లో' అన్నచోట ఒత్తు సరిగా లేదు, రెండు చోట్ల అక్షరాలు తారుమారయ్యాయి. అలాగే పంపాను.

తండ్రి పాస్టరు గారికి ఫోన్ చేశాడు. నన్ను అనరాని మాటలు అన్నాడని తరువాత తెలిసింది. పాస్టరు గారు మా ఆయనను పిలిపించి మాట్లాడారు. మా ఆయనను సంఘం కమిటీలోంచి తీసేశారు. పత్రిక ఒక నర్సుకు అప్పగించారు. ఆమె మంచి మనిషి, నా కంటే తొందరగా పని చేస్తుంది. ఎవరూ మమ్మల్ని రావద్దనలేదు. కానీ ఆదివారం మేం వెళ్ళి కూర్చుంటే మా వరసలో మేం ముగ్గురమే ఉండేవాళ్ళం. వంట గదిలోకి వెళ్తే మాటలు ఆగిపోయేవి. ఆగస్టుకల్లా మానేశాం. మా ఆయన ఇప్పుడు ఊళ్ళో ఇంగ్లీషు చర్చికి వెళ్తాడు. ఆయనకు పాటలు రావు, చివరి వరసలో కూర్చుని వస్తాడు. దీని గురించి నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండుననిపించిన రోజులు ఉన్నాయి.

ఆ తల్లి మళ్ళీ నాతో మాట్లాడలేదు. సమాధిని ఎవరూ కదపలేదని మాత్రం ఖమ్మం అమ్మాయి చెప్పింది. తల్లి ఆదివారాలు మందిరానికి వెళ్ళడం మానేసిందట, తోటకు మాత్రం వెళ్తుందట. నేను చేసింది ఆమెకు మేలో కీడో నాకు తెలియదు. వాడి మాట వాడి తల్లికి చేరింది. అంతవరకే చెప్పగలను.

ఐర్లండు పెద్దావిడ ఆ శీతాకాలం రాకముందే పోయింది. చివరి నెలల్లో ఆ డాక్యుమెంటరీ సంగతి మళ్ళీ ఎత్తలేదు. ఆమె గదిలోకి ఇంకొకరు వచ్చారు. కాలేజీకి వచ్చే పిల్లలు కూడా తగ్గారు. విద్యార్థుల పర్మిట్లు తగ్గించారని, కోర్సులు మూసేశారని చెప్పుకున్నారు. ఆ హాలులో ఇప్పుడు కుర్చీలు మిగిలిపోతున్నాయట.

పోయిన మార్చిలో, పాత రోజుల్లో నేను సరుకులకు తీసుకెళ్ళే కుర్రవాడొకడు మధ్యాహ్నం ఫోన్ చేశాడు. పాలకొల్లు వాడు. "ఆంటీ, బిజీగా ఉన్నారా?" అన్నాడు. లేనన్నాను. "ఏం లేదు, ఊరికే చేశా" అన్నాడు. పెట్టేయలేదు. నేనూ పెట్టేయలేదు. కాసేపటికి, రెండు వారాలుగా నిద్ర లేదని, గదిలో ఒంటరిగా ఉండాలంటే భయమేస్తోందని చెప్పాడు.

"ఎక్కడున్నావ్?"

"రూములోనే."

"కోటు వేసుకుని బయట మెట్ల మీద కూర్చో. ఫోన్ పెట్టొద్దు."

డ్యూటీ మధ్యలో సూపర్‌వైజరుకు చెప్పి బయలుదేరాను. దారి పొడవునా వాడితో ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉన్నాను. మెట్ల మీద చెప్పులతోనే కూర్చుని ఉన్నాడు, సాక్సులు కూడా లేవు. హాస్పిటల్ ఎమర్జెన్సీకి తీసుకెళ్ళాను. కౌంటరు దగ్గర నర్సు ఏం సమస్య అని అడిగితే వాడు నా వైపు చూశాడు. నీకు వచ్చినట్టు నువ్వే చెప్పు అన్నాను. తడబడుతూ, సగం తెలుగు సగం ఇంగ్లీషులో చెప్పాడు. ఆమె చివరి దాకా విని రాసుకుంది.

ఐదు గంటలు కూర్చున్నాం. మిషన్లోంచి చిప్స్ ప్యాకెట్టు తెచ్చిస్తే సగం తిన్నాడు. ఒకసారి వంగి, "ఆంటీ, పాస్టర్ గారికి చెప్పరు కదా? మా ఇంట్లో?" అని అడిగాడు.

"నేను ఎవరికీ చెప్పను. ఇంట్లో నువ్వు చెప్పాలనుకుంటే పక్కన కూర్చుంటాను."

"మా నాన్న అరుస్తాడు."

"అరవనీ."

వాడు చిప్స్ ప్యాకెట్టు మడిచి జేబులో పెట్టుకున్నాడు. లోపలి నుంచి నర్సు వచ్చి, ఎలా పలకాలో తెలియక రెండుసార్లు తప్పుగా వాడి పేరు పిలిచింది. వాడు లేచి ఆమె వెంట లోపలికి వెళ్ళాడు. నేను వాడి కోటు ఒళ్ళో పెట్టుకుని అక్కడే కూర్చున్నాను.